చిన్న కోడలి గొంతు

ఇంట్లో ఆమె పెద్ద కోడలు, ఆఫీసులో నెట్‌వర్క్ ఇంజనీరు. రెండుచోట్లా ఆమె చాకిరీ ఎవరి కంటికీ ఆనదు. అదే ఆమె కడుపుమంట.

ఆస్పత్రుల్లో మందులూ మంచినీళ్ళూ మోసే రోబోలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ అది. రోబో ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో, ఏం పలకాలో చెప్పే సందేశాలన్నీ సర్వర్ నుంచే వెళతాయి. వాటిలో ఏది ముందు పోవాలి, ఏది ఆగాలి, ఎంత ఆలస్యమైతే పారేయాలి అన్నది ఈవిడ చూసుకోవాలి. అంతా సాఫీగా సాగినన్నాళ్ళూ అలాంటి పని ఒకటుందనే ఎవరికీ తెలియదు. ఎక్కడైనా ఆగిందా, అందరికీ ఈవిడే గుర్తొస్తుంది.

నిజానికి తన గొయ్యి తనే తవ్వుకుంది. రోబోకు వినసొంపైన ఆడగొంతు కావాలని కంపెనీవాళ్ళు వెతుకుతుంటే, మా తోడికోడలి గొంతు బాగుంటుందని నోరు జారింది తనే. ఆ మహాతల్లి వచ్చి, రికార్డింగు చేసే గాజుగదిలో కూర్చుని, రెండు పూటలు కబుర్లు చెప్పినట్టు మాట్లాడి వెళ్ళిపోయింది. అంతే, ఆవిడ చేసిన ఘనకార్యం.

తరువాత అత్తగారికి తుంటి ఆపరేషనైంది. చేర్చింది సరిగ్గా ఆ రోబోలున్న ఆస్పత్రిలోనే. "అమ్మా, మందులు తెచ్చాను. వేసుకుని నాలుగడుగులు వేద్దామా?" అని రోబో చిన్న కోడలి గొంతుతో అడిగేసరికి ఆవిడ మురిసి ముక్కలైపోయింది. నర్సులకూ, ఊడ్చేవాళ్ళకూ, పక్క మంచం ఆవిడకూ అదే పాట. కళ్ళు తెరిస్తే చాలు, ఎదురుగా మా చిన్న కోడలే అని. పెద్ద కోడలు రోజూ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, ఆ పొగడ్తలు వింటూ అత్తగారి తల దువ్వి జడ వేసేది. ఒక్కోరోజు జడ మరీ బిగుతుగా పడేది.

ఒక సాయంత్రం ఉండబట్టలేక, ఇందులో నా పని కూడా ఉందత్తయ్యా అని విడమరిచి చెప్పింది. అత్తగారు శ్రద్ధగా విని, అంటే తీగలు లాగావా అని అడిగింది. తీగలుండవంది కోడలు.

"మరింకేం చేశావే?" అంది అత్తగారు.

ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వెళ్ళేదాకా బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయింది.

మర్నాడు ఆఫీసులో ఒక చిన్న మార్పు చేసింది. ఇక అత్తగారి వార్డులో మాటల సందేశం రవ్వంత ఆలస్యమైనా రోబో దాన్ని వదిలేస్తుంది. ఆగమనే సందేశాల జోలికి మాత్రం పోలేదు. కడుపు ఎంత రగిలినా రోగుల్ని గుద్దించే మనిషి కాదు. ఇక రోబో వస్తుంది, మందులిస్తుంది, నోరు మాత్రం విప్పదు. అడిగితే వార్డులో వైఫై రద్దీ అని చెప్పడానికి సిద్ధంగా ఉంది. ఎవరూ అడగలేదు. పైగా మాటల రద్దీ తగ్గేసరికి రోబో నడక మెరుగుపడింది, మేనేజరు మెచ్చుకున్నాడు.

సాయంత్రం హుషారుగా ఆస్పత్రికి వెళ్ళింది. జడ వేస్తుండగా రోబో వచ్చింది. మందుల పళ్ళెం ముందుకు చాపి, అత్తగారు తీసుకునేదాకా నిలబడి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది. పొద్దుటినుంచీ ఇదే వరస, పాడైపోయినట్టుంది పాపం అంది పక్క మంచం ఆవిడ.

అత్తగారు మాత్ర మింగి, మెడ తిప్పి కోడలి ముఖంలోకి చూసింది.

"చిన్నదానికి కోపమొస్తే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది. పనులన్నీ చేసిపెడుతూ మాట మానేసేదానివి మనింట్లో నువ్వొక్కదానివే."

కోడలి చేతిలో జడ ఆగిపోయింది.

అత్తగారు పక్క మంచం వైపు తిరిగి, వార్డంతా వినబడేలా చెప్పింది. "అది పాడవలేదమ్మా. మా పెద్ద కోడలు పని అది."

ఎన్నాళ్ళుగానో ఆ మాట కోసమే మొహం వాచిపోయి ఉంది. నలుగురిలో, గట్టిగా, తన పని అని అత్తగారు చెప్పాలని. చెప్పింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జడ చివర రబ్బరు బ్యాండు వేసి, లాప్‌టాప్ తెరిచి, మార్చినదాన్ని మళ్ళీ మామూలుగా పెట్టేసింది. కాసేపటికి వరండాలోంచి వినిపించింది, తియ్యగా, దారివ్వండమ్మా అని.

అత్తగారి ముఖం చాటంతయింది. పెద్ద కోడలికి మళ్ళీ ఒళ్ళు మండింది.