బస్సెక్కిన చిల్లీ గిన్నె

మా పక్కింటి వెర్లా స్టుకెన్‌హోల్ట్‌కి అమెరికన్ ఫుట్‌బాల్ ఇప్పటికీ అర్థం కాదు. పెళ్లయి ఈ ఊరొచ్చిన నాటి నుంచి మా లిండెన్ క్రీక్ కాలేజీ ఆట ఒక్కటీ మానలేదు గానీ, ఎవరు ఎందుకు కింద పడ్డారో ప్రతిసారీ అడగాల్సిందే. మైకులో స్కోరు చెప్పేవాణ్ణి నేనే కాబట్టి అడిగేదీ నన్నే. విసుక్కుంటే ఆ సాయంత్రం ఆమె నాకు పెట్టే తీపి రొట్టె రోల్ మీద పంచదార పూత తగ్గిపోతుంది. అందుకని లోలోపలే విసుక్కుంటాను.

ఆట అయ్యాక రెండు జట్లూ ఒకే పొడవాటి మడతబల్ల దగ్గర తినాలన్నది వెర్లా పెట్టిన పద్ధతి. మాంసం, చిక్కుడు గింజలు వేసి కుతకుతలాడించిన చిల్లీ, పక్కన అరచేయంత దాల్చినచెక్క రోల్. మా నెబ్రాస్కా రాష్ట్రంలో పుట్టినవాడెవడూ ఆ రెంటినీ విడదీయడు. నది అవతలి హార్మన్ కాలేజీ కుర్రాళ్లు మైదానంలో మావాళ్ల పక్కటెముకలు విరగ్గొట్టి, బల్ల దగ్గర మావాళ్ల రోల్స్ కూడా లాక్కునేవారు. పిల్లల్లేని వెర్లా శనివారం సాయంత్రం ఆ గోల కోసమే వారమంతా ఎదురుచూసేది.

తర్వాత ఎక్కడో హోటల్లో కూర్చున్న కాలేజీ ఆటల సంఘం పెద్దలు డివిజన్లు, అంటే పోటీ అంచెలు, మార్చేశారు. ఆటగాళ్ల చదువు ఖర్చు భరించగల కాలేజీలు పైకి, మాలాంటివి కిందికి. హార్మన్ పైకి పోయింది. మాకు మిగిలినవి పగలంతా బస్సులో కూర్చుంటే గానీ రాలేని జట్లు. అవి ఆట ముగియగానే భోజనం పొట్లాలు పట్టుకుని తిరుగు బస్సెక్కేవి. నాకు ఒళ్లు మండిపోయేది.

రెండు శనివారాలు బల్ల ఖాళీగా ఉండిపోయింది. మూడో ఆట ముందు రోజు వెర్లా పిండి కలుపుతూ అంది.

"రేపు కూడా ఎవరూ కూర్చోకపోతే బల్ల మడిచేస్తా డెల్మర్. మన పిల్లలకి హాస్టల్లో తిండుంది. నేను వండేది వచ్చినవాళ్ల కోసం."

"హార్మన్ వాళ్లు టీవీలో వస్తున్నారుగా, చూసుకో," అన్నాను.

"టీవీకి రోల్ తినిపించమంటావా?"

మర్నాడు ఓక్లహోమా నుంచి వచ్చిన టాల్‌మన్ కాలేజీ మమ్మల్ని చితక్కొట్టింది. స్కోరు చదవడానికి నాకే సిగ్గేసింది. వాళ్ల కోచ్ టోపీ తీసి, "దూరం ప్రయాణం మేడమ్, ఏమీ అనుకోకండి," అని కుర్రాళ్లని బస్సెక్కించాడు. వెర్లా ఖాళీ బల్ల వైపు ఒకసారి చూసింది. వెంటనే కొన్ని రోల్స్, కప్పులు సంచిలో వేసుకుని చిల్లీ గిన్నె పట్టుకుంది.

"చూస్తావేం డెల్మర్? ఆ పక్క పట్టుకో!"

నా మోకాళ్లు మొత్తుకుంటున్నా బస్సెక్కాను. ముందు సీట్లో టెరెన్స్ అనే కొండంత కుర్రాడు కప్పులో చిల్లీ, చేతిలో రోల్ అందుకుని తెల్లమొహం వేశాడు.

"మేడమ్, స్వీటు ముందే ఇచ్చేశారు."

"ముందేమీ కాదు నాయనా. అందులో ముంచుకు తిను."

"చిల్లీలోనా?"

బస్సంతా గొల్లున నవ్వింది. "ఒరేయ్ టెరెన్స్, చస్తావురా!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు.

"కడుపు నిండే చస్తాలే!"

ముంచాడు. నమిలాడు. అందరూ వాడి నోటివంకే చూస్తున్నారు. వాడు కప్పు ఖాళీ చేసి లేచి నిలబడ్డాడు.

"ఇంకోటుందా మేడమ్?"

"లేకేం? కానీ ఇక్కడ కాదు, బల్ల మీదుంది," అంది వెర్లా.

టెరెన్స్ దిగాడు. వాడి వెనకే బస్సు బస్సంతా దిగింది. కోచ్ కేకలు వేస్తుండగానే డ్రైవర్ ఇంజిన్ ఆపేసి అందరికంటే ముందు వరసలో నిలబడ్డాడు. చివరికి కోచ్ కూడా కూర్చున్నాడు. ఓడిపోయిన మావాళ్లు రోల్స్ దగ్గర మాత్రం ఓడిపోలేదు. మళ్లీ అదే గోల, అవే లాగులాటలు. వెర్లా ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నాకూ పట్టరాని సంతోషం వేసింది.

వెళ్లేముందు టెరెన్స్ దిగులుగా అన్నాడు. "వచ్చే ఏడు ఆట మా ఊళ్లో మేడమ్. అప్పుడెలా?"

"మీ బస్సెక్కినదాన్ని, మా బస్సెక్కలేనా?"

మరుసటి ఏడు వెర్లా నిజంగానే బల్ల మడిచింది. మా జట్టు బస్సులో సామాన్ల అరలో పెట్టించి, నన్నూ ఎక్కమంది. ఓక్లహోమా దాకా ఎవరు ఎందుకు కింద పడతారో అడుగుతూనే ఉంది. నేను లోలోపల కూడా విసుక్కోలేదు.