చదివి వినిపించిన ఆదివారాలు

భిలాయ్ ఉక్కు ప్లాంటు వాళ్ల రుఆబాంధా కాలనీలో రజనీకుమారి ఉండే క్వార్టరు మేడమీదది. వంటగది కిటికీలోంచి ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. కొలిమిలోంచి తీసిన, ఇంకా మండుతున్న ఇనప మడ్డిని ఒంపినప్పుడు ఆకాశం ఒక పక్కన ఎర్రబడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడో నిప్పంటుకుందని కంగారు పడతారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆమెకు మాత్రం పక్కగదిలో ఎవరో దీపం వేసినట్టు ఉంటుంది. పక్కగదిలో ఎవరూ లేరు.

తండ్రి గణపతిరావు చీపురుపల్లి నుంచి ప్లాంటు కట్టే రోజుల్లో వచ్చాడు. బడిలో ఆమెది హిందీ. తెలుగు అక్షరాలు తండ్రి దగ్గర, రెండు రోజులు ఆలస్యంగా రైల్లో వచ్చే తెలుగు పేపరు మీద నేర్చుకుంది. అందుకే ఆమెకు మొదట వచ్చిన తెలుగు మాటల్లో చిలక, పలక లేవు. మంత్రి, మెజారిటీ, రాజీనామా ఉన్నాయి. తండ్రి ఉద్యోగంలో ఉండగానే పోతే, ప్లాంటు ఆస్పత్రిలో రోగులకు చీటీలు రాసే పని ఆమెకిచ్చారు. తర్వాత తల్లి పోయింది. పెళ్లి మాట ఒకటి రెండుసార్లు వచ్చి, వచ్చిన దారినే వెళ్లింది.

చీటీల కిటికీ ముందు వరసలో నిలబడినవాళ్లు రాజకీయాలు మాట్లాడుకుంటారు. రాయ్‌పూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చాక ఆ మాటలు ఎక్కువయ్యాయి. ఎవరికి టికెట్టు, ఎవరి మేనల్లుడికి కాంట్రాక్టు, పక్కనున్న రిసాలి బస్తీలో ఎవరి వీధికి నల్లా. ఆమెకూ చెప్పాలని ఉండేది. ఆస్పత్రి ఎదురుగా టీ కొట్టు దగ్గరకు వెళ్లి నిలబడితే, మాట్లాడుతున్న మగవాళ్లు ఆమెను చూసి జరిగి చోటిచ్చేవారు. చోటుతో పాటు మాట కూడా జరిగిపోయేది. టీలో పంచదార ఎక్కువైందనో, ఎండ ముదిరిందనో అనుకునేవారు.

అలా ఒక కంప్యూటరు కొని, టెలిఫోను తీగ మీద నెట్టు పెట్టించుకుని, ‘చిమ్నీ నీడ’ అని బ్లాగు మొదలుపెట్టింది. తన పేరు పెట్టలేదు. ప్లాంటు ఉద్యోగులు రాజకీయాలు రాయకూడదు. తెలుగులో రాస్తే ఆమె పై అధికారుల్లో చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి, ఎక్కడెక్కడి నుంచో కామెంట్లు వచ్చేవి. అందరిలోకీ ముందు రామచంద్రరావు రాసేవాడు. విశాఖలో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేసే పెద్దమనిషి. ఆయన ఆమెను మగవాడనుకుని ‘అన్నా’ అన్నాడు. మిగతావాళ్లూ అదే అన్నారు. ఆమె సరిదిద్దలేదు. అన్నా అనిపించుకున్నంతసేపు టీ కొట్టు దగ్గర నిలబడినట్టుండేది.

ఒకసారి ఫోను చచ్చిపోతే సివిక్ సెంటర్‌లోని నెట్ దుకాణానికి వెళ్లింది. అక్కడి కంప్యూటర్లో తెలుగు అక్షరాలు లేవు. ఆమె రాసిందంతా ఖాళీ డబ్బాలుగా కనిపించింది. వరసలు వరసలుగా, ఖాళీ చేసి వెళ్లిన క్వార్టర్లలాగా. పక్క కుర్చీలో బలరాం వార్త పంపుతున్నాడు. సెక్టర్ 2లో ఉండే తెలుగావిడ అప్పయమ్మ కొడుకు. ఒక హిందీ పత్రికకు స్ట్రింగరు, అంటే నెలజీతం లేని విలేకరి.

“ఇదేటి దీదీ, అన్నీ ఖాళీ డబ్బాలే?”

ఆమె నవ్వి, ఆ డబ్బాల్లో ఏముందో గుర్తున్నంతవరకు చెప్పింది. వాడు పంపుతున్న వార్త ఆపి విన్నాడు. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. మరుసటి ఆదివారం పొద్దున్న ఆమె వరండాలో ఉన్నాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆమె చదివేది, వాడు హిందీలో రాసుకునేవాడు. రాసుకుని ఊరుకునే రకం కాదు. ఆమె రాసిన వీధికి వెళ్లేవాడు, ఆరోపణ ఎవరి మీదో వాళ్లనీ అడిగేవాడు, సగం తప్పని తేలితే వచ్చి చెప్పేవాడు. “రెండో మనిషిని అడక్కుండా రాస్తే అది ఖబర్ కాదు దీదీ, చీటీల లైన్లో కబుర్లు” అని ఎత్తిపొడిచాడొకసారి. ఆ మాట ఆమెకు పట్టింది. అంతకుముందు రాసిన రోజే బ్లాగులో పెట్టేసేది. ఆ తర్వాత వాడు సరిచూసి, వాడి పత్రికలో వచ్చేదాకా ఆగి, తప్పులు దిద్దుకుని అప్పుడు పెట్టడం అలవాటు చేసుకుంది. పత్రికలో వాడి పేరుండేది. ఆమె ‘విశ్వసనీయ వర్గాలు’. ఇంట్లో ఒక్కతే, పత్రికలో బహువచనం అని ఆమే నవ్వుకునేది.

ఎన్నికల ముందు రిసాలి గురించి ఒకటి రాసింది. నీళ్ల ట్యాంకర్ల మీద అభ్యర్థి పేరు రాయించి, రంగు ఆరకముందే పంపుతున్నారు. తోపులాటలో బిందెలు ట్యాంకరుకు రాసుకుని ఆ పేరు ముక్కలు ముక్కలుగా బిందెలకంటుతోంది. ఓట్లయ్యాక ట్యాంకరు రాదు, బిందె మీద పేరుంటుంది. బలరాం వెళ్లి ఆ బిందెలు చూసి వచ్చి రాశాడు. దుర్గ్, భిలాయ్‌లలో అందరూ ఆ మాటే చెప్పుకున్నారు. విశాఖ పత్రిక దాన్ని తెలుగులోకి మార్చి వేసుకుంది. ఆమె అది నెట్లో చదివింది. తన వాక్యం ఊరు తిరిగొచ్చి, నువ్వెవరని తననే అడిగినట్టుంది.

అదంతా తెలిసి కూడా, అలవాటు కొద్దీ, దిద్దుకున్న తన రచనను బ్లాగులో పెట్టింది.

మొదటి కామెంటు ఎప్పటిలాగే రామచంద్రరావుది. “అన్నా, బిందెకంటిన పేరు గురించి భిలాయ్ బలరాం గారు రాసింది మేం ముందే వేశాం. హిందీ నుంచి నేనే అనువాదం చేశాను. ఎండలో తిరిగినవాడి పేరు మీరెందుకు వదిలేశారు? గౌరవం కొద్దీ అడుగుతున్నాను.” ఆయన తర్వాత వచ్చినవాళ్లకు ఆ గౌరవం కూడా లేదు. బ్లాగర్లంటే ఇంతే, కుర్చీలోంచి లేవకుండా పత్రికల మీద బతుకుతారని రాశారు. ఆమె పాత పోస్టుల తేదీలు చూసుకుంది. ఆదివారాలు బలరాంకు చదివినవన్నీ వాడి వార్తల తర్వాతివే. నిజం చెప్పగలిగినవాడు బలరాం ఒక్కడే. ఆదివారం వస్తాడు, చెప్పమని అడగాలి అనుకుంది.

ఆదివారం వాడు అప్పయమ్మ చేసిన కజ్జికాయలతో వచ్చాడు. వాడికి రాయ్‌పూర్ ఆఫీసులో స్టాఫ్ ఉద్యోగం వచ్చింది. ఇన్నేళ్లూ పత్రికకు బయట అరుగు మీద కూర్చున్నవాణ్ని లోపలికి రమ్మన్నారు. విశాఖ వాళ్లు కూడా వేసుకున్నారని ఎడిటర్‌కు తెగ నచ్చిందట. అన్నీ అడిగి చివర్లో ఒక్కటి అడిగాడట, రాసిందంతా నీదేనా అని.

“నాదే అన్నాను దీదీ.” వాడు కజ్జికాయల డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాడు. “నీ పేరు చెప్తే నీ నౌకరీకి ముప్పు కదా.”

“అవున్రా.”

“మన బిందెల గురించి నీ బ్లాగులో ఏటంటన్నారు?”

తెర వాడి వైపే తిరిగి ఉంది. ప్రతి అక్షరమూ కనిపిస్తోంది. వాడు దాన్ని కిటికీలోంచి చెట్టును చూసినట్టు చూస్తున్నాడు. రామచంద్రరావుకు ఆమె ఒక్క జవాబు రాస్తే చాలు, ఆ జవాబు విశాఖ నుంచి రాయ్‌పూర్ ఎడిటర్ బల్ల మీదికి చేరుతుంది.

“బాగుందంటన్నారు. గౌరవం కొద్దీ రాస్తన్నానన్నాడు ఒకాయన.”

“ఇంకా అన్నా అనేనా?”

“అన్నా అనే.”

వాడు పడీ పడీ నవ్వాడు. ఆమె కొత్తగా రాసింది తీసింది. చదవబోయి ఆగింది.

“రాయ్‌పూర్లో ఆదివారం సెలవేనా?”

“పేపరుకి ఆదివారమేటి దీదీ. సోమవారం పేపరు రావాలి కదా.”

ఆమె తలూపి చదవటం మొదలుపెట్టింది. అది ఎప్పటికన్నా నెమ్మదిగా, ఉన్నదానికన్నా పొడుగ్గా సాగింది. వాడు మాత్రం ఈసారి రాసుకోలేదు, విన్నాడు.

వాడు వెళ్లాక బిందెల పోస్టు కింద రెండు వాక్యాలు చేర్చింది. ఇది భిలాయ్ పాత్రికేయుడు బలరాం రాసిన వార్త. పేరు వేయనందుకు క్షమించాలి. అతని పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టింది. రామచంద్రరావు ఆ రోజే బదులిచ్చాడు. “అది మీ పెద్దరికం అన్నా” అన్నాడు. ఆయన ఆ తర్వాత రాయలేదు.

చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. వెనక ఆఫీసు సందడి, ఎవరో ఎవరినో కేకేస్తున్నారు.

“దీదీ, ఇక్కడి కంప్యూటర్లో నీ బ్లాగు తెరిచేను. మళ్లీ అవే డబ్బాలు. డబ్బాల మధ్యన నా పేరొకటి కనబడింది. నా గురించి ఏటి రాసేవు?”

కిటికీ అవతల పొగ నిటారుగా పైకి పోతోంది. గాలి లేదు.

“మంచే రాసేన్లే,” అంది. “నువ్వొచ్చినప్పుడు చదువుతాను.”

“తప్పకుండా,” అన్నాడు వాడు. ఎవరో పిలిస్తే, హిందీలో వాళ్లకు జవాబిస్తూ ఫోను పెట్టేశాడు.