పుట్టగొడుగుల కోసం మోసిన నీళ్లు

హెల్వీకి నోరెక్కువని మా సరస్సు ఒడ్డున అందరూ అంటారు. నిజమే. ఆ నోటికి తగ్గ చేతులూ ఉన్నాయని మాత్రం ఎవరూ చెప్పరు. ఆమె ఆరుబయట వంటిల్లు చూడండి: నాలుగు గుంజల మీద చెక్క కప్పు, ఇటుక పొయ్యి, అందులో దింపిన పెద్ద ఇనుప కాగు. మంచు కరిగింది మొదలు ఆకు రాలేదాకా వాళ్లింటి వంటంతా అక్కడే.

చలికాలానికి దాన్ని సర్దడం మొగుడు ఉర్హో పని. గొట్టాల్లో నీళ్లు దింపేసి, కుళాయిలు తెరిచి వదిలేవాడు. కాగు ఖాళీ చేసి, ఆరబెట్టి, పంది కొవ్వు రాసి బోర్లించేవాడు. లోపల నీళ్లు గడ్డకడితే ఇనుమైనా పగిలిపోతుంది. హెల్వీ వెనకే నిలబడి వంకలు పెట్టేది.

"కాగుని అంత ముద్దుగా రుద్దుతున్నావే, సౌనా ఆవిరిగదిలో నా వీపు ఎప్పుడైనా అలా రుద్దావా?"

"కాగు నోరెత్తదు. అందుకే రుద్దుతున్నా."

పోయిన సెప్టెంబరులో ఒక పొద్దున ఉర్హో, కుళాయి సన్నగా వస్తోందని, బకెట్లతో సరస్సు నీళ్లు మోసి కాగు నింపాడు. మా చేదు పుట్టగొడుగుల్ని ఉడకబెట్టి నీళ్లు వార్చితే గాని ఉప్పులో ఊరవేయడానికి పనికిరావు.

"పొయ్యి వెలిగించనా?" అంది హెల్వీ.

"నేనొచ్చాక వెలిగించు. నీళ్లెక్కడికి పోతాయి?" అని బుట్ట పట్టుకుని అడవిలోకి వెళ్లాడు.

చీకటి పడుతున్నా రాలేదు. మావాళ్లు వెళ్లి చూస్తే చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన బుట్ట సగం నిండి ఉంది. గుండె ఆగిపోయిందన్నారు.

అంత్యక్రియలయ్యాక హెల్వీ వంటిల్లంతా తనే సర్దింది. గరిటెలు లోపల పెట్టింది. గొట్టాలు ఖాళీ చేసింది. పొగగొట్టానికి మూత వేసింది. కాగు జోలికి మాత్రం పోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి నీళ్లలో రాలిన ఆకులు ఏరి వెళ్లేది. పొరుగుదాన్ని, చూస్తూ ఊరుకోలేకపోయాను.

"హెల్వక్కా, నీళ్లు తీసెయ్యి. గడ్డకడితే కాగు పగులుతుంది."

"పగలనీ."

"పాచి పట్టిన నీళ్లు దాచుకుని ఏం చేస్తావక్కా?"

"తనొచ్చాక వెలిగించమన్నాడే. బతికున్నన్నాళ్లూ ఆయన మాట ఒక్కటి విన్నానా? ఇదొక్కటైనా విననీ."

ఇంటికొచ్చి ఏడ్చాను.

నవంబరు మొదట్లో, పోయినవాళ్లకు దీపాలు పెట్టే రోజున, ఇద్దరం శ్మశానానికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి ఉర్హో తమ్ముడు కాలెర్వో వంటింట్లో చేతులు తుడుచుకుంటున్నాడు. కాగు బోర్లించి ఉంది. కొవ్వు రాసి నిగనిగలాడుతోంది.

"అన్నయ్య ఉంటే ఈపాటికి చేసేసేవాడు కదా వదినా. ఈ రాత్రికి గడ్డకట్టే చలట. నీళ్లు పాచి పట్టాయి, పారబోశాను."

హెల్వీ వాకిట్లోని తడి నేల వంక చూసింది. అన్నను పోగొట్టుకున్నవాడు, కళ్లు ఎర్రబడి ఉన్నాయి, వాణ్ణి ఏమంటుంది? "మంచి పని చేశావు మరిదీ, రా, కాఫీ తాగుదువు గాని," అంది.

ఆ రాత్రే వాకిట్లో పారబోసిన ఆ నీళ్లు గాజుపలకలా గడ్డకట్టాయి. జారి పడకుండా అలాంటిచోట ఇసుక చల్లడం మా అలవాటు. మా ఆయన ఇసుక బకెట్‌తో వెళితే హెల్వీ తలుపు తీసుకుని అరిచింది.

"దాని మీద ఒక్క ఇసుక రేణువు పడిందో, నీ తల పగలగొడతా!"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. చలికాలమంతా ఆమె మోకాళ్ల లోతు మంచులో పడి చుట్టు తిరిగి కట్టెల కొట్టానికి వెళ్లింది. ఆ గడ్డ మీద ఒక్కరినీ కాలు పెట్టనివ్వలేదు.

ఏప్రిల్‌లో ఎండ కాసింది. హెల్వీ మెట్టు మీద కూర్చుంది. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. గడ్డ అంచులు సన్నగా కరిగి సరస్సు వైపు పారుతున్నాయి. మధ్యాహ్నానికి అరచేతంత మిగిలింది. తర్వాత అదీ లేదు.

"నీళ్లెక్కడికి పోతాయన్నాడే," అంది హెల్వీ. నా భుజం మీద తల పెట్టి, ఉర్హో పోయాక మొదటిసారి, గొంతెత్తి ఏడ్చింది.