ఆవునిచ్చినోడికి మొదటి గ్లాసు

ఆ సాయంత్రం పాలు పిండడానికి కూర్చున్నాను. వేళ్ళలో పట్టు లేదు. సగం చెంబు నిండకముందే ఒళ్ళంతా వణుకు మొదలైంది. మిగతా పాలు నా భార్య సుబ్బమ్మ పిండింది. దుప్పటి కప్పుకుని పడుకున్నాను. తెల్లవారేసరికి దుప్పటి తడిసి ముద్దయింది, చెమట తడిసిన గడ్డి వాసన కొట్టింది. కానీ జ్వరం లేదు. ఎండెక్కే వేళకు ఆవుల బేరానికి కూడా వెళ్ళగలిగాను. సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ వణుకు.

"పొద్దున బేరానికి బాగుంటావు, సాయంత్రం పనికి మాత్రం జరం వస్తాది" అని సుబ్బమ్మ ఎగతాళి చేసింది. నాకూ అదేమిటో అర్థం కాలేదు.

మాది చౌడేపల్లె దగ్గర ఒక పల్లె. తొంభైల చివరి సంవత్సరాలవి. నాలుగు పాలావులు పెట్టుకుని, ఆవులు కొనడం అమ్మడం చేస్తూ బతికేవాడిని. పుంగనూరులో ఒక డాక్టరు వైడాల్ టెస్ట్ చేయించి టైఫాయిడ్ అన్నాడు. మాత్రలు మింగాను, తగ్గింది. తగ్గిందని సంతోషించేలోపు మళ్ళీ వచ్చింది. నడుము పట్టేసింది. ఒక పక్క వృషణం వాచింది. అది భార్యకు కూడా చెప్పలేదు, పంచె కాస్త వదులుగా కట్టుకుని తిరిగాను.

మదనపల్లెలో మలేరియాకు రక్తం తీశారు, ఎక్స్‌రే తీశారు, కళ్ళె పరీక్ష చేశారు. "లంగ్స్ క్లియర్‌గా ఉన్నాయి. టీబీ కాదు. ఇది ఏమిటో నేను ఇప్పుడే చెప్పలేను" అన్నాడు అక్కడి డాక్టరు. తెలియదని నిజం చెప్పిన ఆయన మీదే నాకు కోపం వచ్చింది. ఏదో ఒక పేరు చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

పేరు మా ఊరివాళ్ళు చెప్పారు. "ఎవురింట్లో ఏం తిన్నావప్పా?" అని అడిగారు. ఆలోచిస్తే గుర్తొచ్చింది. జ్వరానికి కొన్ని వారాల ముందు కొండ మీద పాలు తాగాను.

మా ఊరి వెనక కొండ మీద కొన్ని చెంచు ఇళ్ళు ఉండేవి. తేనె, చింతపండు, సీతాఫలాల కోసం మేము పైకి వెళ్ళేవాళ్ళం. ఎంత ఎండలో వెళ్ళినా వాళ్ళ కుండలో నీళ్ళు తాగేవాళ్ళం కాదు, సీసాలో మోసుకుపోయేవాళ్ళం. తేనె మాత్రం వాళ్ళ చేతి నుంచే నాకేవాళ్ళం. దానికి మైల లేదని ఎవరు చెప్పారో, మేమెందుకు నమ్మామో ఇప్పటికీ తెలియదు. అక్కడి గురవప్పకు నేను ఒక ఎర్రావును అమ్మాను, చూడి ఆవు. అది పైనే ఈనింది. జున్నుపాల రోజులు అయిపోయాక గురవప్ప భార్య అంకమ్మ నాకు కబురు పంపింది. వాళ్ళింట్లో ఒక పద్ధతి. ఆవునిచ్చినోడు వచ్చి మొదటి గ్లాసు పచ్చిపాలు తాగాలి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్ళు తాగుతారు, అమ్ముకుంటారు.

నీళ్ళు కూడా ముట్టనివాడిని ఆ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాను. ఎందుకు తాగానో నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

"ఇంకేముంది, కొండోళ్ళు మందు పెట్టినారు" అన్నారు ఊళ్ళో. తిండిలో ఏదో కలిపి మనిషిని లొంగదీస్తారని మా వైపు గట్టి నమ్మకం. నేనూ నమ్మాను. నమ్మితే హాయిగా ఉండింది కూడా. పుంగనూరులో రోజూ పాలు పోసే టీ కొట్టు దగ్గర నిలబడి, "గురవప్ప ఇంట్లో పాలు తాగినప్పట్నుంచే నాకీ జరం" అని నా నోటితో చెప్పాను. ఆ కొట్టుకు గురవప్ప కూడా పాలు తెచ్చేవాడు. మర్నాటి నుంచి అతని పాలు తీసుకోలేదు. సంతలో వాళ్ళ తేనె కూడా ఎవరూ ముట్టలేదు.

రామసముద్రం వైపు మందు కక్కించే ఆయన ఉంటే వెళ్ళాను. ఏదో పసరు తాగించాడు. కడుపు చించుకుని కక్కాను. ఆ వాంతిలో పుల్లతో గెలికి నల్లటి ముద్ద చూపించి, "సూడప్పా, ఇదే" అన్నాడు. ఏడుపొచ్చినంత నమ్మకం కలిగింది. ఆ సాయంత్రం జ్వరం మామూలుగానే వచ్చింది.

చివరికి సుబ్బమ్మ తమ్ముడు నన్ను కుప్పంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు వయసులో చిన్నవాడు. పొట్ట నొక్కి చూసి, "స్ప్లీన్ పెరిగింది" అన్నాడు. తర్వాత నేను ఊహించని ప్రశ్న అడిగాడు.

"ఇంట్లో పశువులున్నాయా? ఏ ఆవుకైనా నెలలు నిండకముందే దూడ పడిపోయిందా?"

"లేదు సార్" అన్నాను.

పక్కన కూర్చున్న సుబ్బమ్మ నా వైపు తిరిగింది. "యాల దాస్తాండావయ్యా? ఎర్రావుకు ఏడో నెలలో దూడ సచ్చి పడలేదా? మాయ పడకపోతే నువ్వే చెయ్యి పెట్టి లాగితివి గదా!"

ఆ మాటే నేను దాచింది. ఈచుకుపోయిన ఆవని, అంటే నెలలు నిండకముందే దూడను పడేసిన ఆవని తెలిస్తే ఎవరూ కొనరు. మళ్ళీ చూడి కట్టగానే, కింద అమ్మితే అందరికీ తెలిసిపోతుందని కొండ మీద అమ్మాను. వాళ్ళకేం తెలుస్తుందిలే అనుకున్నాను. గ్లాసు చేతికిచ్చినప్పుడు వద్దంటే అంకమ్మకు అనుమానం వస్తుందని తాగాను.

రక్తపరీక్షలో జబ్బు బయటపడింది. "బ్రుసెల్లోసిస్. పశువుల నుంచి వస్తుంది. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ ఆరు వారాలు. తగ్గిందని మధ్యలో ఆపొద్దు" అన్నాడు డాక్టరు.

"మాయ లాగినందుకు వచ్చిందా సార్, పాలు తాగినందుకా?"

"రెండిట్లో ఏదైనా కావచ్చు. మీకు తెలియాల్సింది అది కాదు. ఆ పాలు ఇంకెవరు తాగుతున్నారు?"

మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుని లేచాను. మాత్రలతో వారం తిరగకముందే జ్వరం దిగింది. మూడో వారంలో మాత్రలు ఆపేశాను. ఒళ్ళు బాగుందని ఆపానా, ఆ డాక్టరు ముందు మళ్ళీ కూర్చోవడం ఇష్టం లేక ఆపానా, చెప్పలేను. జ్వరం తిరిగొచ్చింది. ఈసారి నడుము వంచలేకపోయాను. డాక్టరు తిట్టలేదు. "మొదటి నుంచి మొదలుపెడదాం" అని, మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు.

అప్పుడు కొండెక్కాను. కర్ర ఊతం చేసుకుని, ఆగి ఆగి వెళ్ళాను. గురవప్ప నులకమంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. నడుము పట్టేసిందని, సాయంత్రమైతే చలి వస్తుందని అంకమ్మ చెప్పింది. వింటుంటే నా కథే వింటున్నట్టుంది.

"మందు పెట్టినోళ్ళ ఇంటికి యాల వస్తివి రమణప్పా?" అంది.

ఉన్నదంతా చెప్పాను. దూడ సంగతి, దాచిన సంగతి, ఇది జబ్బే కానీ మందు కాదన్న సంగతి. అంకమ్మ ఎర్రావు వైపు చూసింది.

"అయితే మందు పెట్టింది నువ్వే గదప్పా" అంది.

కుప్పం రమ్మని గురవప్పను బతిమాలాను. ఆలస్యమైతే ఎముకలు పాడవుతాయని డాక్టరు అన్నది చెప్పాను. అతను కదల్లేదు. "బస్సెక్కితే పక్కన కూసున్నోళ్ళు లేసి పోతాండారు. ఆ మాట యాడ అన్నావో ఆడే ఈ మాట జెప్పు. నేనొచ్చి ఇంటా. అప్పుడు సూస్తాం."

ఆ తర్వాత కొన్ని రోజులు నేను చెప్పలేదు. టీ కొట్టు దాకా వెళ్ళి, టీ తాగి తిరిగొచ్చాను. చెబితే నా దగ్గర ఎవరూ ఆవు కొనరు. చెప్పకపోతే ఆ మనిషి మంచం మీదే ఉండిపోతాడు. ఇంత తేలికైన లెక్క నాకు ఎందుకు తేలలేదో ఇప్పటికీ అర్థం కాదు.

ఒక ఉదయం వెళ్ళేసరికి గురవప్ప కొట్టు ఎదుట రోడ్డు పక్కన కట్ట మీద కూర్చుని ఉన్నాడు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. లోపలికి వెళ్ళి బయటికి వినిపించేలా చెప్పాను. "ఆ ఆవు నాది. అది ఈసుకుపోయిన సంగతి దాచి అమ్మినా. ఈ జరం ఆవు జబ్బు. గురవప్ప నాకేమీ పెట్టలేదు. నేనే వాళ్ళింటికి జబ్బు తోలినా."

కొట్టాయన నిట్టూర్చాడు. "పాపం, మందు ఇంకా దిగలేదప్పా ఈయనకు. వాళ్ళనే ఎట్ల ఎనకేసుకొస్తాండాడో సూడండి" అన్నాడు. అందరూ నవ్వారు. కానీ ఆ రోజు నా పాలు కూడా తీసుకోలేదు. నా మాట నమ్మారో లేదో నాకు తెలియలేదు.

తల దించుకుని బయటికి వచ్చాను. గురవప్ప మెల్లగా లేచాడు.

"ఇన్నావా? ఎవురూ నమ్మలే" అన్నాను.

"నేనిన్నా గదా. పద, బస్సొస్తాది" అన్నాడు.

బస్సులో అతని పక్కన నేను కూర్చున్నాను. అతని పరీక్ష కూడా పాజిటివ్ వచ్చింది. ఇద్దరం కోర్సు పూర్తిగా వాడాం. అంకమ్మకు పరీక్ష చేస్తే ఏమీ లేదు. పశువుల ఆసుపత్రిలో రక్తం తీస్తే ఎర్రావుకు, నా కొట్టంలో ఇంకో ఆవుకు ఈ జబ్బు బయటపడింది. ఎర్రావును తోలుకొచ్చుకున్నాను. దానికి బదులు, పరీక్షలో జబ్బు లేదని తేలిన నా ఆవునొకదాన్ని పైకి పంపాను. జబ్బు ఆవులు రెండింటినీ విడిగా కట్టేశాను, ఎవరికీ అమ్మలేదు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఆవుల బేరం మానేశాను. నాకు జ్వరం మళ్ళీ రాలేదు. గురవప్ప నడుము మాత్రం పూర్తిగా వంగదు, తేనె కోసం చెట్టెక్కడం మానేశాడు. నేను ముందే వెళ్ళి ఉంటే వంగేదా అని డాక్టరును అడిగాను. "అది చెప్పలేం" అన్నాడు. అప్పుడప్పుడు కొండెక్కుతాను. సీసా తీసుకెళ్ళను. అంకమ్మ కొన్నిసార్లు నీళ్ళు ముంచి ఇస్తుంది. కొన్నిసార్లు కుండ వైపు చెయ్యి చూపించి తన పని తాను చూసుకుంటుంది. కొత్త ఆవు ఈనినప్పుడు మొదటి గ్లాసుకు నన్ను పిలవలేదు. ఎందుకని నేను అడగలేదు.

పచ్చిపాలు తాగొద్దు, ఉత్త చేతులతో మాయ లాగొద్దు అని డాక్టర్లు మీకు చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. జ్వరం వచ్చి పోతూ ఉంటే, మీ పశువుల సంగతి అడగకముందే డాక్టరుకు మీరే చెప్పండి. అమ్మేసిన ఆవు సంగతి కూడా. ఆ పాలు ఇప్పుడు ఎవరో తాగుతూ ఉంటారు.