మావ పేరు రాయని కోడలు

సరళ కావాలనే మామ మాటలు తుడిచేసిందట, ఆఫీసు కుర్చీ చూసుకుని అత్తింటిని మరిచిందట! పెదబయలు సంతలో ఇప్పటికీ తిరుగుతున్న మాట ఇది. అన్నవాళ్లలో ఒక్కరూ ఆమె గుమ్మంలోకి వెళ్లి అడిగిన పాపాన పోలేదు. అసలు జరిగింది వేరు.

రెండువేల ఏడులో ఒక సంస్థ వాళ్లు సరళ అత్తింటి ఊరి నీళ్ల కష్టాలు వీడియో తీశారు. మాట్లాడింది సరళ మామ సోంబరు, అదీ కువి భాషలో. అధికారులకు తెలియాలంటే బొమ్మ కింద తెలుగు అక్షరాలు పడాలి. ఆ సంస్థలోనే పనిచేసే సరళ నెలరోజులు కూర్చుని, ప్రతి మాటా మామను అడిగి అడిగి టైపు చేసింది.

ఆ అక్షరాలు వీడియోలో ఉండవు, పక్కనే వేరే ఫైలులో ఉంటాయి. రెండింటికీ ఒకే పేరుంటేనే కంప్యూటర్ కలిపి చూపిస్తుంది. వీడియో పేరు 'సోంబరు'. వాళ్ల ఆచారంలో కోడలు మామ పేరు పలకదు, రాయదు. అందుకని సరళ తన ఫైలుకు 'మావ' అని పెట్టింది.

"నీకెందుకు ఇబ్బంది సెల్లీ, పేరు నేను మార్సేత్తాన్లే," అన్నాడు ఆఫీసులో పెద్ద, సురేంద్ర. సొంత అన్న చెప్పినట్టే నమ్మింది.

అధికారులకు వీడియో చూపించే సభనాడు తెర మీద సోంబరు నోరు కదిలింది. కింద ఒక్క అక్షరం లేదు. ప్లేయర్ మూసి తెరిచారు, సెట్టింగులన్నీ తిప్పారు, ఫాంటు వెతికారు.

"ముసిలోడు ఏటంతన్నాడ్రా?" వెనక ఎవరో నవ్వారు.

సరళ సురేంద్ర వైపు చూసింది. ఆ మొహం చూడగానే తెలిసిపోయింది, పేరు మార్చనే లేదని. అతను చూపు తిప్పేసుకుని మైకు అందుకున్నాడు.

"అక్షరాల పని సరళది సార్."

అధికారులు లేచిపోయారు. ఊరికి రావాల్సిన నీళ్ల పైపులైను వేరే ఊరికి పోయింది. సరళ మళ్లీ బిందె ఎత్తుకుని కొండ దిగి ఊటకు వెళ్లింది. సోంబరు ఆమె చేతి అంబలి ముట్టడం మానేశాడు. ఊరి చిన్నచూపు సరే, ఇది మాత్రం ఆమెకు మింగుడుపడలేదు.

రెండేళ్లకు, చోడి గింజలు ఎండబోస్తుంటే సోంబరే నోరు విప్పాడు.

"ఒలే గుంటా, నా మాటలు ఏటి సేసినావే?"

రెండు ఫైళ్ల సంగతీ, పేర్ల సంగతీ ఆమె చెప్పింది.

"మరి ఆ దినమే అందరి ముందూ సెప్పొచ్చు కదే!"

"సెప్పాలంటే నీ పేరెత్తాలి కదా మావా. సురేంద్రన్నకి తెల్సు కదా, ఆ అన్నే సెప్తాడని సూసినాను."