వదిన సీసా

మావి కుండమార్పిడి పెళ్ళిళ్ళు. మా ఆయన చెల్లెల్ని మా అన్నయ్యకి చేసుకుని, నన్ను ఈ ఇంటికి ఇచ్చారు. ఒకే పందిట్లో, ఒకే రోజు. నేను తాడేపల్లి నుంచి దర్శి పక్కనున్న ఈ ఊరికి వచ్చాను, తను ఇక్కణ్ణుంచి తాడేపల్లి వెళ్ళింది. తను నాకు వదిన, నేను తనకి వదిన. నేను పెరిగిన గదిలో, కిటికీ పక్క నా మంచం మీద తను పడుకుంటోంది. బి.ఎస్సీ. చదివినదాన్ని, ఇలాంటివి పట్టించుకోకూడదని తెలుసు. అయినా పట్టించుకునేదాన్ని.

మరీ ముఖ్యంగా నీళ్ళ దగ్గర. అక్కడ కృష్ణ నీళ్ళు. ఇక్కడ బోరింగు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో పప్పు ఉడకదు, బిందె అడుగున తెల్లగా పేరుకుంటుంది. పైగా ఈ చుట్టుపక్కల ఊళ్ళలో కొందరికి కాళ్ళు వాచి, మొహం ఉబ్బి, కిడ్నీలు పాడయ్యాయని తెలిసేసరికే చేయిదాటిపోయేది. నీళ్ళ వల్లే అనేవారు. మా పాపకి అప్పుడు ఎనిమిది నెలలు. దానికి పాలు కలపడానికి నీళ్ళు రెండుసార్లు కాచి, గుడ్డలో వడకట్టి, అప్పటికీ భయంభయంగానే పట్టేదాన్ని.

కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో వదిన తొలికాన్పుకి వచ్చింది. ఏడో నెల. వెంట రెండు పాలక్యాన్ల నిండా కృష్ణ నీళ్ళు. మా అన్నయ్య దగ్గరుండి బస్సు మీద వేయించాడట. పాపకి ఓ గ్లాసెడు అడిగాను.

"దానికేం భాగ్యం వదినా," అంటూ గ్లాసులో సగానికి పోసి ఆపేసింది. "మళ్ళీ మీ అన్నయ్య వచ్చేదాకా ఇవేగా."

మా పుట్టింటి నీళ్ళు నాకే కొలిచి పోసింది.

ఆ వారంలోనే గుంటూరు నుంచి ముగ్గురు డాక్టర్లు జీపులో వచ్చారు. ఊళ్ళో ఎంతమందికి ఈ జబ్బు ఉందో ఇంటింటికీ తిరిగి లెక్క తీస్తారట.

"నీళ్ళో, పురుగుమందో, ఇంకేదో మాకూ తెలీదమ్మా. ముందు ఎంతమందికి ఉందో తేలాలి కదా," అంది వాళ్ళలోని లేడీ డాక్టరు. చదువుకున్న ఆడమనిషినని జాబితా రాసే పని నాకు అప్పగించింది. ఆర్నెల్లకి పైగా ఊళ్ళో ఉంటున్న పెద్దవాళ్ళందరి పేర్లూ, ఎన్నేళ్ళుగా ఈ నీళ్ళు తాగుతున్నారో రాసుకుని, తలా ఒక నంబరు సీసా ఇవ్వాలి. వాళ్ళు పొద్దున్నే మూత్రం పట్టి బడికి తేవాలి. పాపని చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగాను.

"ఏమ్మాయ్, గుంటూరు కాలేజీలో ఇదేనా నేర్పింది?" అన్నాడొక ముసలాయన సీసా ఎగాదిగా చూస్తూ. అరుగు మీద అందరూ నవ్వారు.

మా ఇంటి వంతు వచ్చింది. రెండేళ్ళు తాగిన నేను జాబితాలోకి ఎక్కాను. ఇరవై ఏళ్ళు తాగిన వదిన ఎక్కలేదు, తనిప్పుడు ఈ ఊరి మనిషి కాదు కనక. ఇందులోంచి కూడా తప్పించుకుందే అని ఉక్రోషం వచ్చింది. దాంతోనే డాక్టరు దగ్గర వదిన సంగతి ఎత్తాను. లెక్కలోకి రాదుగానీ సీసా మాత్రం పంపమంది.

మర్నాడు బడి వరండాలో డాక్టరు స్పిరిటు దీపం మీద గాజు గొట్టాలు వేడిచేస్తుంటే నేను నంబర్లు చదివాను. వేడికి తెల్లబడితే కిడ్నీల్లో తేడా ఉన్నట్టట. నాదీ మా ఆయనదీ తేటగా ఉండిపోయాయి. అత్తయ్యది కాస్త మసకబారింది. వదినది ఉడికిన గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. ఒక్క క్షణం నా కడుపు చల్లబడింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"కిడ్నీ జబ్బో, గర్భం వల్ల వచ్చిందో ఇప్పుడే చెప్పలేను. ఏదైనా తల్లికీ బిడ్డకీ ప్రమాదమే. రేపు ఇంకో సీసా పంపండి. అదీ ఇలాగే ఉంటే వెంటనే గుంటూరు తీసుకెళ్ళాలి," అంది డాక్టరు.

తెల్లారి నేను పెరట్లోకి వెళ్తుంటే అత్తయ్య వెనకే వచ్చి కొత్త సీసా నా చేతిలో పెట్టింది.

"అమ్మాయ్, నీది మంచిదని తేలిందిగా. దాని సీసా కూడా నువ్వే నింపు. నాది పనికిరాదాయె, మగాడిది పోస్తే పట్టేస్తారు."

"అదేంటత్తయ్యా!"

"అరవకు. రోగిష్టిదాన్ని అంటగట్టారని మీ అమ్మావాళ్ళు దాన్ని పంపేస్తే, ఇక్కడ నీ కాపురం మాత్రం నిలుస్తుందా? ఆలోచించుకో."

ఆలోచించాను. పంపేస్తే పంపెయ్యనీ, పాపని తీసుకుని నా గదికి, నా నీళ్ళకి పోతాను అని కూడా అనుకున్నాను. నా గది తీసుకుంది, మా అమ్మని తీసుకుంది, ఇప్పుడు నా ఆరోగ్యం కూడా తన పేరు మీద రాయించుకుంటుందా? అప్పుడు నా మనసులో ఉన్నది ఇంతే. తల్లీ బిడ్డా అన్న డాక్టరు మాట గుర్తే రాలేదు.

"నేనివ్వను," అన్నాను.

"ఓసి నీ పొగరు తగలెయ్య! ఉచ్చ దగ్గర కూడా పిసినారితనమేంటే!"

వదిన పెరటి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. కళ్ళు తెరుచుకోనంతగా మొహం ఉబ్బి ఉంది. వచ్చి నా చేతిలో సీసా తీసుకుంది.

"నేనే నింపుతాలే అమ్మా," అంది. తర్వాత నా వంక తిరిగి, "నేను చచ్చిపోతానా వదినా?" అని అడిగింది.



రెండో సీసా కూడా అలాగే తెల్లబడింది. మా ఆయన తనని డాక్టర్ల జీపులోనే గుంటూరు తీసుకెళ్ళాడు. నెలరోజులు ఆసుపత్రిలో ఉంచారు. పిల్లాడు ముందే పుట్టాడు, చిన్నగా ఉన్నా బతికాడు. వదినకి వాపు తగ్గిందిగానీ జబ్బు పూర్తిగా పోలేదు, మాత్రలు వాడుతూనే ఉండాలన్నారు. ఆసుపత్రి నుంచి అటే తాడేపల్లి వెళ్ళింది. ఈ ఊరి లెక్కలో వదిన లేదు. తాడేపల్లిలో ఆ లెక్క తీసేవాళ్ళే లేరు.

ఎవరూ ఎవర్నీ పంపెయ్యలేదు. వదిన ఏం చెప్పిందో ఏమో, నా నిజాయితీ వల్లే భార్యా బిడ్డా దక్కారని అన్నయ్య రెండు పేజీల ఉత్తరం రాశాడు. అత్తయ్య అది నాలుగిళ్ళలో చదివించింది. నేను కాదనలేదు. అందులోనే కింద రాశాడు, అమ్మ రోజూ వదినకి విడిగా, ఉప్పు లేకుండా కూర వండి, దగ్గర కూర్చుని తినిపిస్తోందని.

ఆ పూట నాకు అన్నం సహించలేదు.