ఒంటి చక్రం మీద వచ్చిన వేషం

తిరుచానూరులో ఓ లాడ్జి కౌంటరు వెనక కూర్చునే మునిచంద్రను తిట్టనివాళ్ళు లేరు. వేణ్ణీళ్ళు రాకపోయినా, లిఫ్టు ఆగిపోయినా, చివరికి దర్శనం ఆలస్యమైనా, తిట్లన్నీ కౌంటరు దగ్గరికే వస్తాయి. ఆయన తలూపుతూ విని, "సరేనండి, చూస్తానండి" అంటాడు. యాభైకి దగ్గరపడుతున్నా తాను మాత్రం ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు.

అట్లాంటి మనిషి, జనం లేని ఓ మధ్యాహ్నం ఫోన్లో ఒక వీడియో చూశాడు. ఎవరో ఒంటి చక్రం సైకిలు మీద కొండ దిగుతున్నారు. పట్టుకోవడానికి హ్యాండిల్ లేదు. రెండు చేతులూ గాల్లోకి చాపి, మబ్బు జారినట్టు జారిపోతున్నారు. ఆ పూట మునిచంద్ర ముగ్గురికి తప్పు గదుల తాళాలిచ్చాడు.

పార్సిల్ వచ్చిన రోజు ఆయన భార్య ప్రశాంతి అట్టపెట్టె అడుగుదాకా తడిమి చూసింది.

"ఇంగో చక్రం యాడ?"

"ఒకటే ఉంటాది."

"అయితే సగం సైకిలు అమ్మినారు నీకు."

లాడ్జి ప్రహరీ పట్టుకుని నేర్చుకున్నాడు. పడటం బాగా వచ్చింది, తర్వాత తొక్కడం వచ్చింది. గోడో గుంజో ఆసరా లేకుండా ఎక్కడం మాత్రం ఇప్పటికీ రాలేదు.

చంద్రగిరి అవతల కొండవార కాలిబాటల్లో ఏటా సైకిళ్ళ పందెం పెడతారు. అందులో ఒంటి చక్రాలకూ చోటుంది. పందెం ముగిసేచోట గీతలా నేలమీద కట్టిన తాడును పొద్దున తొమ్మిదికి తీసేస్తారు, అప్పటికి చేరినవాళ్ళ పేర్లే మైకులో చదువుతారు. పోయినేడు మునిచంద్ర చేరేసరికి తాడు చుట్టేసి అందరూ పొంగలి తింటున్నారు. ఈసారి గెలవాలని లేదు. మైకులో పేరు వినాలి, అంతే.

ఈ ఏడు పందెం గంగజాతర వారంలో పడింది. ఎండకు తోలు ఊడుతుందని ప్రశాంతి ఆయన ముఖమంతా తెల్లటి క్రీము దట్టంగా పులిమి పంపింది.

పొద్దున మామిడితోపుల్లో ఆయన వెళుతుంటే కాయలు నుదుటికి తగిలేంత కిందికి వేలాడుతున్నాయి. చక్రం కింద ఎండుటాకుల సవ్వడి తప్ప వేరే చప్పుడు లేదు. కాసేపటికి తాను కదులుతున్నాడో, తాను నిలబడి ఉంటే కొండే మెల్లగా వెనక్కి జరుగుతోందో తెలియలేదు. చేతులు చాపాడు. గాలిని పట్టుకుంటే అదీ ఆయన్ని పట్టుకున్నట్టే ఉంది.

ఆ మైకంలో వంకలోని గుండ్రాయి కనబడలేదు. పడ్డాడు.

మళ్ళీ ఎక్కాలంటే ఆసరా కావాలి. పక్కనే నాలుగిళ్ళ పల్లె. మొదటి ఇంటి పందిరి గుంజను వాటేసుకుని ఎక్కబోతుండగా ఇంటావిడ అక్కమ్మ చెంబుతో వచ్చి, ఆయన బూట్ల మీద పసుపునీళ్ళు కుమ్మరించింది. మేజోళ్ళు చల్లగా తడిశాయి.

"అవ్వా, ఏంది ఇది?"

"వేషానికి కాళ్ళకు నీళ్ళు పోయకుండా పంపిస్తామా నాయనా."

గంగమ్మకు మొక్కుకున్నవాళ్ళు జాతరలో వేషాలు కట్టి తిరుగుతారు. కొన్ని వేషాలు ఎదురైనవాళ్ళను తిడతాయి. ఆ తిట్లు తింటే ఏడాదంతా జబ్బు దగ్గరికి రాదని నమ్మకం.

"నేను వేషం కాదవ్వా, పందెంలో పోతాండా."

"మొగానికి తెల్లగా పూసుకోని, ఒంటి చక్రం మీద కొండ దిగి వస్తివి. మొక్కు లేకుండా ఇంత కష్టం ఎవురు పడతారు?"

అక్కమ్మ మొగుడు గురప్ప ఆయన చుట్టూ తిరిగి చూశాడు. "బైరాగి వేషం సూసినాం, బండ వేషం సూసినాం. ఇది కొత్తగా ఉండాది. తిట్టప్పా."

పక్కిళ్ళవాళ్ళు కూడా వచ్చి, అందరూ చేతులు జోడించి బాటకు అడ్డంగా నిలబడ్డారు. తొమ్మిది దగ్గరపడుతోంది. మునిచంద్ర నోరు తెరిచాడు.

"మీరు... మీరేం బాగలేరు."

"ఇది తిట్టా? మా ఇంటాయన నిద్దట్లో ఇంతకన్నా బాగా తిడతాడు" అంది అక్కమ్మ.

మునిచంద్ర కళ్ళు మూసుకున్నాడు. కళ్ళలో కౌంటరు మెదిలింది.

"వేణ్ణీళ్ళేవి? పొద్దున్నుంచి అడుగుతుంటే చెవుల్లో ఏం పెట్టుకున్నారు? ఇది లాడ్జా, గొడ్ల సావిడా? మా అమ్మను మూడో అంతస్తుకు నువ్వు మోస్తావా? సిగ్గు లేదా మీకు? యాడ దాక్కున్నాడు మీ మేనేజరు?"

ఇన్నేళ్ళుగా తిన్నదంతా ఆగకుండా వచ్చింది. గురప్ప చెంపలు వేసుకున్నాడు.

"పొయ్యి మండక వేణ్ణీళ్ళు కాగలేదని ఈయనకెట్ల తెలిసిందే" అని పెళ్ళాం చెవిలో అన్నాడు.

దారి ఇచ్చారు. ఇచ్చి ఊరుకోలేదు, ఆయన గుంజ పట్టుకుని ఎక్కగానే రెండు పక్కలా పరిగెత్తారు. వేషాన్ని తాకకూడదని ఎవరూ తాకలేదు. పడనివ్వకూడదని ఎవరూ వదల్లేదు. వాళ్ళ చేతుల మధ్య, దేనికీ ఆనకుండా, మునిచంద్ర ఆ వాలంతా నీళ్ళ మీద ఆకులా తేలి దిగాడు. ఒంట్లో బరువు ఎటు పోయిందో తెలియలేదు.

పందెం పెద్ద హరినాథ్ తాడు ఒక కొస విప్పి, రెండోదానికి చెయ్యి వేస్తున్నాడు. ఆ చెయ్యి పక్కనుంచి చక్రం దాటిపోయింది.

"మునిచంద్ర, తిరుచానూరు" అంది మైకు. ఆ పేరు తోపుల మీదుగా కొండదాకా పోయింది. ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని, ఆ పేరు ఇంకా అక్కడే ఉన్నట్టు ఆకాశంలోకి చూస్తున్నాడు.

అంతలో అక్కమ్మ ఆయాసపడుతూ ఒక పిల్లను చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"మా కోడలు కోమలి. పాలు పోసేదానికి పోయి ఇప్పుడే వచ్చింది. దీన్ని గూడా ఒక తిట్టు తిట్టు నాయనా."

కోమలి తల వంచి నిలబడింది. మునిచంద్ర లేచి కూర్చుని చాలాసేపు వెతికాడు. ఒక్క తిట్టూ దొరకలేదు. ఎంత ప్రయత్నించినా నవ్వే వస్తోంది.

"ఏమనుకోవద్దమ్మా" అన్నాడు.

అక్కమ్మ ఆయన ముఖంలోకి పరకాయించి చూసింది. చెమటకు తెలుపంతా కారిపోయి ఉంది.

"పదవే. వేషం దిగిపోయింది."